ఒక కుర్చీ, కోర్టు లేచేదాకా

పోలీసు రికార్డుల కార్యాలయం, సీలు విభాగం వారికి,

దొంగ మీరే. ఈ ఉత్తరం చదువుతున్న మీరే. ఆ మాట ముందే అనేస్తే, తర్వాత మనం మర్యాదగా మాట్లాడుకోవచ్చు.

అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే అంటున్నాను. వీధి కొళాయి ఎండిపోయినప్పుడు ఇంటికి ట్యాంకరు తెప్పించుకుని తలుపేసుకున్నది మీరు. వరుసలో ఉన్న పిల్లని పోలీసులు లాక్కెళుతుంటే కిటికీలోంచి చూసి, "ఏదో చేసే ఉంటుందిలే" అన్నది మీరు. ఆ "ఏదో" అన్నదానికే ఫైలు కట్టి, నంబరు వేసి, ముప్పై ఏళ్ళుగా బీరువాలో దాచుకున్నదీ మీరే.

ఇక విషయం. నేను బడి బస్సు డ్రైవర్ని. ఎన్నో ఏళ్ళుగా ఒకే బడి, ఒకే దారి. నా బస్సులో ఇంతవరకు ఒక్క పిల్లకి మోకాలు గీరుకుపోలేదు. ఇప్పుడు కొత్త నిబంధన వచ్చింది. పిల్లలతో పని చేసేవాళ్ళందరూ నేర చరిత్ర లేదన్న సర్టిఫికెట్ తేవాలట. మీ దగ్గరికి వచ్చాను. మీ కిటికీలోంచి ఇచ్చిన కాగితం మీద "దొంగతనం. శిక్ష పడింది" అని ఉంది. మా హెడ్‌మిస్ట్రెస్ గారు అది చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"ఏం దొంగిలించారండీ?"

"కుర్చీ అండీ."

"ఒక్క కుర్చీయేనా?" అన్నారావిడ, ఏదో తక్కువైనట్టు.

సెలవులైపోయి బడి తెరిచేలోగా శుభ్రమైన సర్టిఫికెట్ తెస్తే బస్సు తాళాలు నావి. తేకపోతే వేరేవాళ్ళవి. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. చెడ్డవాళ్ళయితే పోట్లాడటం సులువు.

పాత చిన్న నేరాల రికార్డుకి సీలు వేయించుకునే హక్కు చట్టంలో ఉంది. సీలు పడితే ఆ కేసు లేనట్టే. దరఖాస్తు పెట్టాను. "నేరాన్ని మీ సొంత మాటల్లో వివరించండి" అని మీరు దాన్ని వెనక్కి పంపారు. ఇవిగో నా సొంత మాటలు.

అప్పుడు కాలేజీలో ఉన్నాను. మా వీధి కొళాయికి నీళ్ళు రావడం మానేశాయి. నీళ్ళ ఆఫీసుకి రోజూ వెళ్ళాం. రోజూ అధికారి గారి కుర్చీ ఖాళీ. "ఇప్పుడే బయటికి వెళ్ళారు" అనేవాళ్ళు. అయ్యగారికి తీరిక లేకపోతే కుర్చీ అయినా వచ్చి మా కొళాయి చూస్తుందిలే అని, నేనూ నా స్నేహితురాళ్ళూ పట్టపగలు దాన్ని మోసుకొచ్చి బిందెల వరుసలో పెట్టాం. కుర్చీ కోసమైనా ఆయన వస్తాడనుకున్నాం. ఆయన రాలేదు, పోలీసులు వచ్చారు. అందరూ పారిపోయారు. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. ధైర్యం వల్ల కాదు. వరుసలో నా వంతు రెండోది. కొళాయిలో నీళ్ళు లేకపోతే మాత్రం, వంతు వంతే కదా.

మెజిస్ట్రేటు గారు "కోర్టు లేచేదాకా" శిక్ష వేశారు. అంటే ఆ పూట కోర్టు ముగిసేవరకు అక్కడే కూర్చోవాలి, అంతే. బెంచీ ఖాళీ లేకపోతే, సాక్ష్యంగా తెచ్చిన కుర్చీలోనే కూర్చోబెట్టారు. నెలల తరబడి ఆ కుర్చీలో కూర్చోనివాడికి జీతం. ఒక్క పూట కూర్చున్నదానికి నేర చరిత్ర. ఇది మీకు న్యాయంగా కనిపిస్తే కళ్ళజోడు మార్చుకోవలసింది మా హెడ్‌మిస్ట్రెస్ కాదు, మీరు.

ఇట్లు,
మీ కాగితాల్లో నేరస్తురాలు,
మా పిల్లలకి బస్సమ్మ

తా.క.: ఇంతకీ ఆ కుర్చీ ఏమైంది? నా శిక్ష ఆ పూటే అయిపోయింది. పాపం దానికింకా విడుదల కాలేదా?

*

దరఖాస్తుదారు అయిన డ్రైవరు గారికి,

మీ ఉత్తరం అందినది. అందులోని తిట్లు ఫైలులో చేర్చడమైనది. "దొంగ మీరే" అన్న వాక్యం ఎవరిని ఉద్దేశించినదో స్పష్టత లేనందున విభాగంలో అందరం చదివాం. విభాగంలో ఉన్నది నేనొక్కడినే.

నేరం వివరణ సంతృప్తికరంగా ఉన్నది. అయితే తాజాకలంలో తమరు కుర్చీ సంగతి అడిగారు. కేసులో పట్టుబడిన వస్తువు గురించి ఎవరు అడిగినా దాన్ని "సొత్తు వాపసు కోరుతూ పెట్టుకున్న అర్జీ"గా నమోదు చెయ్యాలని నిబంధన. అలాగే నమోదు చేసి వేరే నంబరు ఇవ్వడమైనది. సొత్తు సంగతి తేలనిదే కేసు ముగిసినట్టు కాదు. కేసు ముగియనిదే సీలు పడదు. కనుక తమరి సీలు ఫైలును పక్కన పెట్టడమైనది.

ఇంకొక మాట. తమది కాని కుర్చీని ఇన్నేళ్ళ తర్వాత కూడా అడుగుతున్నారంటే, తమ ప్రవర్తనలో మార్పు రాలేదని పైవారు భావించే ప్రమాదం ఉన్నది. ఆలోచించుకోగలరు.

ఇట్లు,
విధేయుడు,
సీలు విభాగం గుమస్తా

తా.క.: అక్షరాలు వంకరగా ఉన్నందుకు మన్నించాలి. తప్పు చేతిది కాదు. నా కుర్చీ కొద్దిగా ఊగుతుంది. కొత్తది కావాలని రాసి చాలాకాలమైంది. నేను రాసిన కాగితం నా దగ్గరికే పరిశీలనకు వచ్చింది.

*

గుమస్తా గారికి,

నాకు కుర్చీ వద్దు. ఈ వాక్యం కింద గీత గీశాను, కనపడకపోతే వేలు పెట్టి తడిమి చూసుకోండి. తాజాకలంలో నేను రాసింది ఎత్తిపొడుపు. ఎత్తిపొడుపుకి నంబరు వేసే ఆఫీసు ప్రపంచం మొత్తం మీద మీదొక్కటే అయ్యుంటుంది.

ఇక్కడ నా పరిస్థితి చెబుతాను. సెలవుల్లో పిల్లల్ని ఈత క్లాసుకి తీసుకెళ్ళడానికి నా బస్సుకి తాత్కాలికంగా ఒకాయన్ని పెట్టారు. నిన్న మూడో క్లాసు పిల్ల ఫోను చేసింది.

"బస్సమ్మా, ఈ అంకులు మలుపు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటున్నాడు."

"ఎందుకే?"

"భయమేస్తుందట."

"మీరేం చేస్తున్నారు మరి?"

"మేమూ మూసుకుంటున్నాం."

ఆయన సర్టిఫికెట్ చూశాను. తెల్లటి తెలుపు. ఒక్క మచ్చ లేదు. మలుపుల్లో కళ్ళు మూసుకోవడం మీ రికార్డులకి ఎక్కదు. ఆరునెలలు ఆఫీసుకి రాకపోవడం ఎక్కదు. వీధి వీధంతా గొంతెండిపోవడం ఎక్కదు. ఒక కుర్చీ గదిలోంచి వీధిలోకి వస్తే మాత్రం ఎక్కుతుంది. అసలు మీరు రాసుకుంటున్నది నేరాల చరిత్రా, సామాన్ల చరిత్రా?

నా ఫైలు కదిలించండి. ఆ కుర్చీని నీళ్ళ ఆఫీసుకి పంపుకుంటారో, మీ నెత్తిన పెట్టుకుంటారో నాకనవసరం.

ఇట్లు,
సొత్తు అక్కర్లేని దొంగ

తా.క.: ఊగే సీటు బాధ డ్రైవర్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఏ కాలు పొట్టిదో చూసి దాని కింద ఏదైనా పెట్టండి. మీ నిబంధనల పుస్తకం ఎలాగూ వేరే దేనికీ పనికిరావడం లేదు.

*

డ్రైవరమ్మ గారికి,

మీ ఉత్తరంలోని చివరి వాక్యాన్ని, సొత్తు మీద హక్కు వదులుకుంటూ ఇచ్చిన సమ్మతిగా నమోదు చెయ్యడమైనది. అందులో మీరు రెండు మార్గాలు సూచించారు. నెత్తిన పెట్టుకోవడానికి నిబంధనల్లో వీలు లేదు. కనుక నీళ్ళ ఆఫీసుకి అప్పగించడమే మిగిలింది. అక్కడికి నేనే స్వయంగా ఫోను చేశాను. జరిగిన సంభాషణ ఇది.

"అయ్యా, మీ కుర్చీ ఒకటి అప్పట్లో పోయింది కదా."

"పోలేదే. ఏటేటా సామాన్లు లెక్క చూస్తాం. అన్నీ ఉన్నాయి."

"దొంగతనం కేసు నడిచిందండీ. శిక్ష కూడా పడింది."

"నడిపింది పోలీసులు. పోయిందని మేం రాస్తే మావాళ్ళ జీతంలో కోసేవాళ్ళు. అందుకని అప్పట్లో ఉన్నట్టే రాశారు. మేమూ ఉన్నట్టే రాస్తున్నాం. ఇప్పుడు మీరొచ్చి పోయిందంటే ఎలాగండీ?"

కాబట్టి ఇప్పటి స్థితి ఏమిటంటే, దొంగతనం జరిగింది, వస్తువు పోలేదు. ఇందులో వైరుధ్యమేమీ లేదని మా పై అధికారి అభిప్రాయం. రెండూ వేర్వేరు ఆఫీసుల లెక్కలు కదా అన్నారు.

అయినా నేను ఒక దారి చూశాను. కుర్చీ దొరికి, నీళ్ళ ఆఫీసుకి బయల్దేరితే చాలు, మా వైపు సొత్తు సంగతి తీరినట్టే. ఆ పూటే సీలు వెయ్యవచ్చు. మా సామాన్ల గదిలో కుర్చీలు చాలా ఉన్నాయి, అన్నీ ఏదో ఒక కేసువే. మీ కుర్చీని గుర్తుపట్టే ఆనవాళ్ళు వెంటనే రాసి పంపగలరు.

ఇట్లు,
సీలు విభాగం గుమస్తా

తా.క.: నిబంధనల పుస్తకం కాలు కింద పెట్టి చూశాను. లావెక్కువై కుర్చీ రెండో వైపుకి ఊగింది. "ఉద్యోగుల సౌకర్యాలు" అన్న అధ్యాయం ఒక్కటే తీసి మడిచి పెడితే సరిపోయింది. అది ఒకే పేజీ.

*

గుమస్తా గారికి,

అయితే పోని వస్తువుకి దొంగని నేను. బాగుంది. రేపు చావని మనిషికి హంతకుణ్ణి కూడా పట్టుకొస్తారు, అతని రికార్డుకి సీలు వెయ్యాలంటే శవం ఆనవాళ్ళు పంపమంటారు.

అయినా పంపుతున్నాను. ఆ కుర్చీని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. టేకుది, సీటు పేముతో అల్లింది. వెనక ఎడమ కాలు పొట్టి. దాని కింద నీళ్ళ ఆఫీసు వాళ్ళు రేకు ముక్క కొట్టారు. మేం మెట్ల మీంచి దింపుతుంటే అది ఊడి ఎటో పోయింది. కుడి చేతి మీద గుండ్రటి మచ్చ ఉంటుంది, వేడి గ్లాసు పెట్టీ పెట్టీ పడింది. అధికారి గారు రాకపోయినా ఆయన టీ మాత్రం వేళకి వచ్చేదట. ఎవరు తాగేవారో ఆ మచ్చకే తెలియాలి.

అసలు ఆనవాలు కింద ఉంది. తిరగేస్తే సీటు చట్రం మీద ఎర్ర రంగుతో నా చేతిరాత కనిపిస్తుంది. "నీళ్ళు వచ్చేదాకా ఇది మా దగ్గర ఉంటుంది." అంటే నీళ్ళు రాగానే తిరిగి ఇచ్చేస్తామని. దొంగలెవరైనా వస్తువు మీద షరతు రాసి పెడతారా అండీ? కోర్టులో ఎంత మొత్తుకున్నానో. "అయ్యా, ఒక్కసారి తిరగేసి చూడండి" అన్నాను. "కోర్టులో కుర్చీలు తిరగెయ్యడం మర్యాద కాదు" అన్నారు మెజిస్ట్రేటు గారు. ఆ ఒక్క మర్యాద వల్ల నేను ఇన్నేళ్ళు దొంగనయ్యాను.

నిన్న హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిచారు. బల్ల మీద బస్సు తాళాలు ఉన్నాయి. "సోమవారం తెరుస్తున్నాం. పొద్దున్నే ఇవి ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి. మీ చేతిలోనే పెట్టాలని నాకుంది. కానీ నాకుంటే చాలదు కదండీ, కాగితం ఉండాలి" అన్నారు. తాళాల గుత్తికి పిల్లలు కట్టిన ఎర్ర దారం అలాగే ఉంది. దాని వైపు చూడకుండా బయటికి రావడానికి నాకు చాలాసేపు పట్టింది. ఈ మాట మీకెందుకు రాశానో తెలియదు. కొట్టేద్దామనుకున్నాను గానీ కాగితం పాడవుతుందని వదిలేశాను.

ఇట్లు,
బస్సమ్మ

తా.క.: ఆ కుర్చీలో మీవాళ్ళెవరైనా కూర్చుని ఉంటే లేపండి.

*

అమ్మా,

లేచాను. ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను.

మీ ఉత్తరం చదువుతూ "కుడి చేతి మీద గుండ్రటి మచ్చ" అన్న చోటికి వచ్చేసరికి గ్లాసు కోసం చెయ్యి చాపాను. గ్లాసు ఆ మచ్చ మీదే ఉంది. వేడిగా ఉంది. దాన్ని మెల్లగా తీసి కిటికీలో పెట్టాను. తలుపు గడియ వేశాను. కుర్చీని తిరగేశాను. ఎర్ర రంగు వెలిసింది గానీ అక్షరం అక్షరం చదవవచ్చు. మీ దస్తూరి అప్పటికీ ఇప్పటికీ ఒక్కలాగే ఉందమ్మా, కోపంగా.

నేను ఉద్యోగంలో చేరిన రోజు నాకు బల్ల ఇచ్చారు, కుర్చీ ఇవ్వలేదు. సామాన్ల గది ఆయన ఇది బయటికి లాగి, "దీన్ని ఎవరూ అడగడం లేదు, తీసుకో. అడిగినప్పుడు ఇచ్చెయ్యి" అన్నారు. ఆయన రిటైరైపోయారు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు. మొట్టమొదట అడిగింది మీరే, మీ మొదటి ఉత్తరం తాజాకలంలో. దానికి నేను దీంట్లోనే కూర్చుని నంబరు వేశాను.

ఇప్పుడు నా గతి ఏమిటో ఆలోచించండి. కేసు సొత్తు సొంతానికి వాడుకున్నానని తెలిస్తే ఉద్యోగం ఉండదు. కొత్త కుర్చీ అడిగితే "ఉన్నదేమైంది?" అంటారు. ఇంట్లో మా అమ్మకి నేను అబద్ధం చెప్పలేను, నిజం చెప్తే ఆవిడ వీధంతా చెబుతుంది.

మీరు కోపిష్టి మనిషి. పత్రికలకి రాసే అలవాటు కూడా ఉన్నట్టుంది. రాసే ముందు నాకొక్క మాట చెప్పండి. మా అమ్మని ముందుగా సిద్ధం చెయ్యాలి.

ఇట్లు,
గుమస్తా

తా.క.: నిలబడి రాస్తే అక్షరాలు తిన్నగా వస్తున్నాయి. గమనించగలరు.

*

తమ్ముడూ,

పత్రికకి రాయను. నా కోపానికి కూడా ఒక వరుస ఉంది. అందులో నీ వంతు చాలా వెనక. ముందు ఆ అధికారి ఉన్నాడు, ఆ మెజిస్ట్రేటు ఉన్నాడు, పోయిన కుర్చీని ఉన్నట్టు రాసుకున్న ఆ ఆఫీసు ఉంది, కిటికీలోంచి చూసినవాళ్ళున్నారు. నీ దాకా వచ్చేసరికి నా ఓపిక అయిపోతుంది.

తిట్టనని కాదు. రెండు ఉత్తరాలు రాశావు, వెన్ను నొప్పి పెట్టే కుర్చీలో కూర్చుని, నీకు కుర్చీ ఇవ్వనివాళ్ళ తరఫున నాతో పోట్లాడావు. ఏనాడైనా నీ పై అధికారి గదిలోకి వెళ్ళి "అయ్యా, నాకు కుర్చీ లేదు" అన్నావా? కాగితం రాసి, నీ దగ్గరికే వస్తే నువ్వే చదువుకున్నావు! నీలాంటివాళ్ళు నోరు తెరిస్తే మాలాంటివాళ్ళం కుర్చీలు మొయ్యక్కర్లేదు.

సరే. ఇప్పుడు చెయ్యవలసింది చెబుతాను. సొత్తు సామాన్ల గదిలో దొరికిందని రాయి. అబద్ధం కాదు, అక్కడే దొరికింది, కాకపోతే నీకు చాలాకాలం కిందట. పగటిపూటే తీసుకెళ్ళు. చేతులు పట్టుకుని ఎత్తకు, కీళ్ళు వదులవుతాయి. సీటు చట్రం కింద పట్టుకో. మెట్లు దిగేటప్పుడు కాళ్ళు ముందుకి ఉండాలి, కుర్చీవి. ఎదురొచ్చినవాళ్ళు "ఎక్కడికి?" అంటే ఆగి జవాబు చెప్పు. మేం ఆగకుండా నడిచాం, అది పరుగని కోర్టులో రాశారు.

సోమవారం బడి తెరుస్తున్నారు. నిన్ను తొందరపెట్టడం లేదు. తొందరపెడుతున్నాను.

ఇట్లు,
అక్క అనుకో

తా.క.: దారిలో ఎంత అలిసిపోయినా సరే, దాంట్లో మాత్రం కూర్చోకు. నన్ను పట్టుకున్నది కూర్చున్నాకే.

*

అక్కయ్యా,

కూర్చున్నాను.

వరసగా చెబుతాను. శుక్రవారం పొద్దున్న, సొత్తు దొరికింది, అప్పగించడానికి తీసుకెళుతున్నాను అని పై అధికారికి రాసిచ్చాను. ఆయన సంతోషించారు. "గేటు దాటితే మన బాధ్యత తీరింది. ఆ సీలేదో వేసేసి వెళ్ళు, మళ్ళీ మర్చిపోతావు" అన్నారు. నా చేత్తోనే మీ రికార్డుకి సీలు వేశాను. శుభ్రమైన సర్టిఫికెట్ రాసి, సంతకం పెట్టించి, జేబులో పెట్టుకున్నాను. కుర్చీని మీరు చెప్పినట్టే చట్రం కింద పట్టుకుని బయల్దేరాను. కాళ్ళు ముందుకే ఉన్నాయి.

నీళ్ళ ఆఫీసులో తీసుకోలేదు.

"మా లెక్కలో అన్నీ ఉన్నాయని చెప్పాను కదండీ. ఇది తీసుకుంటే ఒకటి ఎక్కువవుతుంది. ఎక్కువైన కుర్చీ ఎక్కడిదంటే మేం ఎవరికి జవాబు చెప్పాలి?"

"తక్కువైతే అడగనివాళ్ళు ఎక్కువైతే అడుగుతారా?"

"తక్కువైతే మేం చెప్పకపోతే తెలియదు. ఎక్కువైతే కంటికి కనిపిస్తుంది."

వెనక్కి మోసుకొచ్చాను. మా గేటు దగ్గర కాపలాదారు ఆపాడు. రోజూ నాకు నమస్కారం పెట్టే మనిషే.

"లోపలికి ఏ సామాను వచ్చినా ఏ కేసుదో చెప్పాలి సార్."

చెప్పాను. కంప్యూటరులో చూశాడు.

"అలాంటి కేసు లేదు సార్."

లేదు. నిజమే. పొద్దున్నే నేనే లేకుండా చేశాను.

వీధిలో నిలబడిపోయాను. ఇటు మా గేటు, అటు నీళ్ళ ఆఫీసు, మధ్యలో ఒక కొళాయి, దాని దగ్గర బిందెల వరుస. మీ కొళాయే అనుకుంటాను, ఎర్ర గోడ పక్కనుంది. ఇప్పటికీ నీళ్ళు రావడం లేదక్కయ్యా. ఒక పెద్దావిడ, "కుర్చీ తెచ్చుకున్నావు, తెలివైనవాడివి బాబూ. కాస్త నా బిందె చూస్తుండు, ఇంటిదాకా వెళ్ళొస్తా" అంది. చేతులు లాగేస్తున్నాయి. కూర్చున్నాను. పోలీసులు వచ్చారు.

"కుర్చీ ఎక్కడిది?" అన్నారు. చెప్పలేదు. సీలు పడిన కేసు సంగతి బయటపెట్టడం నేరం. ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు, కాలు కింద పెట్టిన పుస్తకంలోనిదే. చెబితే సీలు విప్పినట్టవుతుంది. మీ రికార్డు మళ్ళీ తెరుచుకుంటుంది, తాళాలు పోతాయి. అందుకని నోరు మూసుకున్నాను. ప్రభుత్వ కుర్చీ దొంగతనం అని కేసు రాశారు. పూచీకత్తు మీద వదిలారు. ఆఫీసు నుంచి సస్పెండు చేశారు. గురువారం కోర్టు.

దీంతో సర్టిఫికెట్ జతపరిచాను. నా వంతుకొచ్చిన పనిలో మొదటిసారి ఒకటి పూర్తయిందనిపించింది. మీరు ఈ విషయంలో ఏమీ చెయ్యకండి. సోమవారం బస్సు నడపండి.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: నాకూ కోర్టు లేచేదాకా శిక్ష పడితే ఏ కుర్చీలో కూర్చోబెడతారో తెలుసు. అలవాటున్నదే కనుక నా గురించి దిగులు వద్దు. మా అమ్మ వీధంతా చెప్పేసింది. కానీ కొద్దిగా గర్వంగా చెబుతోందట.

*

పోలీసు రికార్డుల కార్యాలయం, సీలు విభాగంలో ఇప్పుడు కూర్చున్నవారికి, కూర్చోడానికి అక్కడ కుర్చీ లేదని నాకు తెలుసు కనుక నిలబడ్డవారికి,

మీరెవరో నాకు తెలియదు. మీకు ముందున్న గుమస్తా ఇప్పుడు ముద్దాయి. ఆయన మీద మీరు పెట్టిన కేసులో సాక్షిని నేను. సాక్ష్యం చెప్పాలంటే మొదట నేను ఉండాలి. మీ కంప్యూటరు ప్రకారం నేను కుర్చీ ఎత్తనే లేదు, కోర్టులో కూర్చోనే లేదు. ఆ మాట అనిపించుకోవడానికి ఎండలో మీ కిటికీ ముందు నిలబడ్డాను. ఇప్పుడు అదే కిటికీ ముందు నిలబడి, నేనే ఎత్తాను మహాప్రభో అంటున్నాను. నవ్వుకోండి. నవ్వాక చదవండి.

సోమవారం సర్టిఫికెట్ ఇచ్చి తాళాలు తీసుకున్నాను. బస్సు నడిపాను. పెద్ద మలుపు దగ్గర అద్దంలో చూస్తే పిల్లలందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. "తెరవండర్రా, నేనే" అన్నాను. ఒక్కొక్కరే తెరిచారు. మూడో క్లాసు పిల్ల మాత్రం ఒక కన్నే తెరిచింది.

సాయంత్రం బస్సు పెట్టేసి హెడ్‌మిస్ట్రెస్ గారి గదికి వెళ్ళాను.

"గురువారం సెలవు కావాలండీ. కోర్టుకి వెళ్ళి ఈ సర్టిఫికెట్ వెనకున్న కథ చెప్పాలి."

"చెబితే ఇది చెల్లదు కదండీ."

"చెల్లదు."

"అప్పుడు నేను తాళాలు వెనక్కి తీసుకోవాలి."

"తీసుకోండి. మీరు తీసుకుంటారనే ముందుగా చెబుతున్నాను."

ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "ఆ కళ్ళు మూసుకునే ఆయన్ని మళ్ళీ పిలవమంటారా?" అన్నారు. మళ్ళీ తనే, "గురువారం ఎవరి పిల్లల్ని వాళ్ళే దింపుకోమంటాను. శుక్రవారం పొద్దున్న మీ చేతిలో ఏ కాగితం ఉంటే నేను అదే చూస్తాను. బుధవారం దాకా ఉన్నదీ, గురువారం లేనిదీ నాకు కనపడదు. నా కళ్ళజోడు పాతది" అన్నారు.

కాబట్టి శుక్రవారం పొద్దున్న నా చేతిలో ఏముంటుందన్నది మీ చేతిలో ఉంది. ఉద్యోగం పోతుందని నాకు భయం లేదని రాస్తే అది అబద్ధం. భయంగానే ఉంది. కానీ నా పేరు దాచడానికి ఒక మనిషి నోరు మూసుకుని దొంగ అనిపించుకుంటే, ఆ శుభ్రమైన కాగితం జేబులో పెట్టుకుని నేను స్టీరింగు పట్టుకోలేను. చేతులు వణికితే బస్సు వణుకుతుంది. ఒకప్పుడు నా వంతు వదులుకోలేక పట్టుబడ్డాను. ఇప్పుడూ అంతే. సాక్షి బోనులో నా వంతు వచ్చింది.

ఈ ఉత్తరం నకళ్ళు మీ పై అధికారికి, నీళ్ళ ఆఫీసుకి, గురువారం కూర్చోబోయే మెజిస్ట్రేటు గారికి పంపుతున్నాను. ఈసారి తాజాకలం రాయడం లేదు. రాస్తే దానికి నంబరు వేస్తారు. మీరు నంబర్లు వెయ్యాలనుకుంటే కిందివాటికి వెయ్యండి.

ఇట్లు,
ముద్దాయి తరఫు సాక్షి,
బడి బస్సు డ్రైవరు

జత: డిమాండ్లు.

ఒకటి. గురువారం కోర్టు కూర్చున్నప్పటి నుంచి కోర్టు లేచేదాకా నా రికార్డు తెరిచి ఉంచాలి. లేవగానే మళ్ళీ సీలు వెయ్యాలి. సర్టిఫికెట్ శుక్రవారం బడి గంట కొట్టేలోగా నాకు చేరాలి.

రెండు. కుర్చీని కోర్టుకి తేవాలి. తిరగెయ్యాలి. మర్యాద కాకపోయినా సరే.

మూడు. గుమస్తా మీద కేసు ఎత్తెయ్యాలి. ఎత్తెయ్యడం కుదరదంటే, నీళ్ళ ఆఫీసు తన కుర్చీ ఏనాడూ పోలేదని కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలి. పోని వస్తువుకి ఒక్క దొంగ చాలు, ఇద్దరు అక్కర్లేదు.

నాలుగు. ఆయన ఉద్యోగం ఆయనకి ఇవ్వాలి.

అయిదు. కూర్చోడానికి ఒక కుర్చీ ఇవ్వాలి. కొత్తది. కాళ్ళు నాలుగూ సమానంగా ఉండాలి.

ఆరు. పాత కుర్చీని ఏ ఆఫీసూ తీసుకోనంటోంది కనుక దాన్ని కొళాయి దగ్గర వరుసలో ఉంచాలి, వంతు కోసం నిలబడలేని పెద్దవాళ్ళ కోసం.

ఏడు. ఆ కొళాయికి నీళ్ళు రావాలి. కుర్చీ కింద రాసిన షరతు ఇంకా అమల్లోనే ఉంది.